ఎడమ చేతి వాటం

ఇరవై రెండేళ్లుగా ఈ కొండదారిలో టపా బండి నాది.
పెట్టె చేతిలో పడితే చాలు, లోపలేముందో చెప్పగలను:
కోడిపిల్లలా, మందుసీసాలా, కోర్టు కాగితమా.

టక్కర్ వాగు మలుపులో ఈనాక్ థార్ప్ ఇంటికి
మొదటి పార్శిలు అక్టోబరులో వచ్చింది.
నా ఛాతీ దాకా వచ్చే అట్టగొట్టం,
భుజాన వేసుకుంటే
నిద్రపోయిన పసిబిడ్డంత బరువు.
"కర్టెన్ కడ్డీయా?" అన్నాను.
"తుపాకీ గొట్టం. మా తాతల కాలం రకం.
మూతిలోంచి మందు కూరేది" అన్నాడు.
అన్ని మాటలు అతని నోట ఒక్కసారిగా వినడం
అదే మొదలు.

బొగ్గుదుమ్ము ఊపిరికి వచ్చే పింఛను
నెలకింత మిగిలితేనే తర్వాతి ముక్క.
మంచానికో కోడు, మరో నెలకో కోడు కొన్నట్టు
కిస్తీల మీద తుపాకీ.

నవంబరులో మేపుల్ దిమ్మ.
వరండాలోనే కాగితం చించి
తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాడు.
ఎండుచెక్కలో ఏరు లేచింది,
అలమీద అల.
ఆరేదాకా ఇద్దరం నిలబడి చూశాం.
ఆ రోజు మిగిలిన ఇళ్లన్నిటికీ టపా ఆలస్యం.

తర్వాత మరలు, మేకులు,
పోతపోసిన గరుకు ఇంకా వదలని ఇత్తడి.
క్రిస్మస్‌కి ఏమీ రాలేదు.
మందులు కొన్నాడట.

ఫిబ్రవరి మంచులో లాకు వచ్చింది.
అరచేతి పెట్టె, అలారం గడియారమంత బరువు.
చెకుముకిరాయి కరిచి పట్టే ఆ చిన్న దవడను
వేలితో వెనక్కి లాగి, తిప్పి చూసి
"ఎడమదానికి..." అని ఆగిపోయాడు.
కుడిచేతివాడికి ఎడమచేతి లాకు.
వాపసు చీటీ కూడా అందులోనే ఉంది,
గమ్ముతో సహా.

కంపెనీవాళ్లు పొరబడ్డారేమో.
ఆర్డరు కవరు మోసుకెళ్లింది నేనే,
ఏ గడిలో టిక్కు పెట్టాడో దేవుడికెరుక.

ఆరు మైళ్ల అవతల డోర్సీ థార్ప్ ఉంటాడు, తమ్ముడు.
చిన్నప్పుడు నాన్న తుపాకీ కాల్చి కాల్చి,
కుడివాటం లాకు ఎడమచేతివాడి మొహానే భగ్గుమని,
చెంపనిండా మందు చుక్కలు మిగిలినవాడు.
గడ్డం గీసుకున్న రోజు
ఎవరో పచ్చబొట్టు మొదలెట్టి వదిలేసినట్టుంటాయి.
ఆ తుపాకీ అమ్మి ఈనాక్ ఇంటికి కప్పు వేయించాడు.
పదకొండేళ్లు.
ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకి
ఒక్క కార్డుముక్క కూడా నేను మోయలేదు.

మార్చి అంతా వాపసు చీటీ
కిటికీ అద్దానికి ఆనించే ఉంది.
నేను అడగలేదు.
అరుగు మీద చెక్కపొట్టు మాత్రం పెరుగుతోంది,
లాకు కోసం తొలిచిన గుంట
ఏ పక్కనుందో చూద్దామంటే
గోనెసంచి కప్పి ఉంచుతాడు.

నిన్న సంతకం పెడుతూ పెడుతూ, తలెత్తకుండా
"వాడింకా ఎడమచేత్తోనే రాస్తాడా?" అన్నాడు.
"ఆఁ" అన్నాను.
"రసీదు మీద సిరా ఆరకముందే
అరచెయ్యి ఈడ్చేస్తాడు."
ముక్కుతో నవ్వాడు, దగ్గొచ్చింది,
దగ్గు తగ్గేదాకా గడప పట్టుకుని నిలబడ్డాడు.

ఇవాళ నా పక్కసీటులో ఉంది
తుపాకీ మడమకి వేసే ఇత్తడి పట్టీ.
అది సాయంత్రం తిరుగుదారిలో ఇవ్వాలి.
ముందు డోర్సీ పెట్టెలో కరెంటు బిల్లు వేశాను.
ఒకరి పార్శిలు ఊసు ఇంకొకరి దగ్గర ఎత్తకూడదు.
అది మా ఉద్యోగంలో మొదటి రూలు.

కంచె మీద మోచేతులు ఆనించి
"ఈ మధ్య మలుపు దగ్గర ఆలస్యమవుతోందేం?" అన్నాడు.
ఎండ చెంప మీద పడి
చుక్కలన్నీ కనిపిస్తున్నాయి.

"రోడ్డు బాగుచేస్తున్నారు" అన్నాను.